నా ఓటు కూడా మావారే నింపుతానంటున్నారు

ప్రశ్న (2024 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు): మేము అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో ఉంటాం. నాకు 47 ఏళ్ళు. ఫార్మసీలో పని చేస్తాను. రెండేళ్ళ క్రితం సిటిజన్‌షిప్ వచ్చింది. అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేయడం ఇదే మొదటిసారి. మావారు ట్రంప్ వైపు, ఇదే రాష్ట్రంలోని ఏథెన్స్‌లో చదువుకునే మా అమ్మాయి కమలా హారిస్ వైపు. “ట్రంప్‌తో పాటు ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ వాన్స్ భార్య ఉష మన గోదావరి అమ్మాయి” అని ఆయన, “కమల వాళ్ళమ్మ మద్రాసు మనిషి” అని అది. దసరా రోజు భోజనాల దగ్గర మాటా మాటా పెరిగి, “నీ ఫీజు కట్టేది నేను” అన్నారాయన. అది కంచం వదిలేసి వెళ్ళిపోయింది. ఇప్పుడు పోస్టులో బ్యాలెట్లు వచ్చాయి. “రెండూ నేనే నింపుతాను, నువ్వు కవరు మీద సంతకం పెట్టు” అంటున్నారు. “నాన్నకి భయపడి వేస్తే నాతో మాట్లాడకు” అంటోంది అమ్మాయి. ధరల గురించి ఆయన చెప్పేది నిజమే అనిపిస్తుంది. గర్భస్రావం చట్టం గురించి అది చెప్పేదీ నిజమే అనిపిస్తుంది. నా అసలు బెంగ టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముడి గురించి. ఏళ్ళ తరబడి గ్రీన్‌కార్డు లైన్‌లో ఉన్నాడు, వాడి కొడుక్కి త్వరలో 21 నిండుతాయి, అప్పుడు తండ్రి దరఖాస్తులో పిల్లాడికి చోటు పోవచ్చు. నా అభిప్రాయం ఏమిటని ఇంట్లో ఎవరూ అడగలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు ఓటే వేయకుండా ఊరుకుంటే ఇంట్లో గొడవ తగ్గుతుందా? ఆయనకు చెప్పకుండా వేరేగా వేస్తే మోసం చేసినట్టేనా?

జవాబు: అమ్మా, ముందు ఆ కవరు సంగతి. ఆయన నింపిన బ్యాలెట్ మీద మీరు సంతకం పెట్టకండి. అక్కడ పెట్టే సంతకం ఒక ప్రమాణం. చూపు లేనివారికి, వైకల్యం ఉన్నవారికి, చదవడం రాయడం రానివారికి ఓటు వేయడంలో సాయం చేయవచ్చని అమెరికా చట్టం చెబుతుంది. రోజంతా ప్రిస్క్రిప్షన్లు చదివే మీకు ఆ అవసరం లేదు. ఏటా ట్యాక్స్ రిటర్ను ఆయన తయారు చేస్తే మీరు సంతకం పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉండవచ్చు. దీన్ని కూడా ఆయన అలాగే అనుకుంటున్నారేమో. జాయింట్ రిటర్ను ఉంటుంది గానీ జాయింట్ ఓటు ఉండదు. ఈ మాట ఆయనతో ఇలాగే చెప్పవచ్చు.

బ్యాలెట్ ఇంటికి వచ్చినంత మాత్రాన పోస్టులోనే పంపాలని లేదు. మీ రాష్ట్రంలో ముందస్తు పోలింగ్ ఈ ఏడాది (2024) అక్టోబర్ 15న మొదలైంది, నవంబర్ 1 దాకా ఉంటుంది. మీ కౌంటీలో ఏ ముందస్తు కేంద్రానికైనా వెళ్ళవచ్చు. డ్రైవింగ్ లైసెన్సుతో పాటు మీ పేరున వచ్చిన బ్యాలెట్ కూడా పట్టుకెళ్ళి, “ఇది రద్దు చేయండి, నేను ఇక్కడే వేస్తాను” అని అడగండి. స్క్రీన్ మీద మీరు ఎంచుకున్నవన్నీ కాగితం మీద ప్రింటవుతాయి. సరిచూసుకుని స్కానర్‌లో పెట్టడమే. పనికి వెళ్ళే దారిలో ఒంటరిగా వెళ్ళి వచ్చేయవచ్చు. మీరు ఓటు వేశారన్న సంగతి రికార్డులో ఉంటుంది, ఎవరికి వేశారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఫొటో తీసి చూపించమని ఎవరైనా అడిగితే, జార్జియాలో బ్యాలెట్ ఫొటో తీయకూడదని చెప్పండి. అది నిజం కూడా.

ఇక మోసం సంగతి. ఓటు రహస్యంగా ఉండాలని జార్జియా రాజ్యాంగంలోనే రాసి ఉంది. ఇంట్లో భయం, మొహమాటం ఉన్నవాళ్ళకు కూడా కాస్త చోటు కావాలనే కదా ఆ ఏర్పాటు! మీరు ఆయనతో అబద్ధం ఆడనక్కరలేదు. “ఓటు వేసి వచ్చాను. ఎవరికన్నది నాలోనే ఉంచుకుంటాను. మీది కూడా నేను అడగను” అంటే చాలు. ఆయన మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట చెప్పండి. కారణాలు వివరించడం మొదలుపెట్టారంటే అది వాదన అవుతుంది, ఆ వాదనలో మీరు అలసిపోతారు.

మన దేశంలో 1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. వాళ్ళు సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్యనని, ఫలానావారి తల్లినని రాయించుకున్నారు. ఓటు ఇవ్వాలంటే మనిషికి సొంత పేరు ఉండాలని ఎన్నికల సంఘం పట్టుబట్టింది. ఎంతో మందికి కోపం తెప్పించిన ఆ నిర్ణయం సరైనదేనని నేను గట్టిగా నమ్ముతాను. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ఓటు మానేస్తే గొడవ తగ్గదు. గొడవ వాళ్ళిద్దరి మధ్య ఉంది, మీరు వేసినా మానినా అది సాగుతుంది. నష్టపోయేది మీరొక్కరే. పైగా మీరుండేది జార్జియాలో. 2020లో అక్కడ దాదాపు 50 లక్షల ఓట్లు పోలైతే, బైడెన్ గెలిచింది 11,779 ఓట్ల తేడాతో. చేతులతో మళ్ళీ లెక్కపెట్టారు కూడా.

ఆయన మాటా నిజమే, అమ్మాయి మాటా నిజమే అనిపిస్తోందని మీరు తప్పు చేసినట్టు రాశారు. రెండు వైపులా నిజం కనిపించడం అయోమయం కాదమ్మా. కిరాణా బిల్లు కట్టేది మీరే, ఆడపిల్లను కన్నదీ మీరే. రెండూ పట్టకుండా ఎలా ఉంటాయి? ఉషగారి మూలాలు పశ్చిమ గోదావరిలోని వడ్లూరులో, కమలగారి తల్లి మూలాలు తమిళనాట. అది మనకు సంతోషం కలిగించే సంగతే. ఆ సంతోషం మీ తమ్ముడి ఫైలును ఒక్క అడుగు కూడా కదపదు.

మీ బెంగలు ఎక్కడ తేలతాయో చూడండి. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ ఏటా ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితి అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చేసిన చట్టంలో ఉంది. మీ తమ్ముడు ఆ లైన్‌లోనే ఉన్నాడు. దాన్ని అధ్యక్షుడు ఒక్కరే మార్చలేరు. అంటే మీ నియోజకవర్గం నుంచి కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభకు నిలబడ్డవాళ్ళు ఏమంటున్నారన్నది మీకు ముఖ్యం. గర్భస్రావానికి రాజ్యాంగ హక్కు లేదని 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత గర్భస్రావం విషయం చాలావరకు రాష్ట్రాల చేతుల్లోకి వెళ్ళింది. కాబట్టి రాష్ట్ర శాసనసభకు ఎవరు వెళ్తున్నారన్నది చూడాలి. వాళ్ళూ ఈ బ్యాలెట్ మీదే ఉన్నారు. ఇంటి పన్ను మీద రాష్ట్ర రాజ్యాంగ సవరణ ఒకటి కూడా ఉంది. మీవాళ్ళిద్దరూ బ్యాలెట్‌లో మొదటి వరుస దగ్గరే ఆగి కొట్టుకుంటున్నారు. ఒక పదవికి ఒక పార్టీని, ఇంకో పదవికి వేరే పార్టీని ఎంచుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. నమూనా బ్యాలెట్ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఒక రాత్రి దాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి. ఎవరికి వేయాలో నేను చెప్పను, చెబితే మీ ఇంట్లో మూడో గొంతు అవుతాను.

ఒక్కటి మాత్రం మీరే ఆలోచించుకుని చెప్పాలి. ఆయన పట్టుదల రాజకీయాల దగ్గరే ఆగుతుందా? మీ జీతం, ఫోను, పాస్‌పోర్టు కూడా ఆయన చేతిలోనే ఉంటాయా? “వద్దు” అనాలంటే భయమేస్తుందా? అలా అయితే ఇది ఎన్నికల సమస్య కాదు. అట్లాంటాలో ‘రక్ష’ అనే సంస్థ దక్షిణాసియా కుటుంబాల కోసమే పని చేస్తోంది. వాళ్ళతో మాట్లాడండి. దేశమంతటికీ పనిచేసే గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233.

అమ్మాయి విషయంలో మెత్తబడకండి. “నాతో మాట్లాడకు” అనడం కూడా బెదిరింపే. నీ ఓటు నీదైనట్టే నా ఓటు నాదని దానికీ చెప్పండి. తండ్రి ఏమన్నారో దానికి, అది ఏమందో తండ్రికి చేరవేసే పని ఈరోజుతో మానేయండి. దీపావళికి అది ఇంటికొస్తే, ఆ పూట టీవీ పెట్టవద్దని ఇద్దరికీ ముందే చెప్పండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఫీజు మాట. పిల్ల చదువును దాని అభిప్రాయానికి ముడిపెట్టడం తప్పు, కోపంలో అన్నా తప్పే. ఆయన ఒంటరిగా, ప్రశాంతంగా ఉన్నప్పుడు ఓటు ఊసెత్తకుండా ఇదొక్కటే అడగండి: “దాని ఫీజు మీద మీరు అన్నమాట వెనక్కి తీసుకోవాలి, ఆ సంగతి మీరే దానికి ఫోన్ చేసి చెప్పాలి.” 2020లో ఎవరు గెలిచారో తేలడానికి నాలుగు రోజులు పట్టింది. ఈసారీ అలా జరిగితే మీ ఇంట్లో ఇద్దరూ ఆ నాలుగు రోజులు నిప్పుల మీద ఉంటారు. అందుకే ఆ ఫోన్ పోలింగ్ రోజైన నవంబర్ 5కు ముందే జరిగేలా చూడండి.