గురక, దిగులు, ఖర్చు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నారు, మూడుసార్లు మార్చారు కూడా. నీరసం, మతిమరుపు తగ్గడం లేదని థైరాయిడ్, గుండె పరీక్షలు, మెదడు స్కాన్ చేయించాం. అన్నీ మామూలుగానే ఉన్నాయి. గురక మాత్రం గట్టిగా పెడతారు. ఇప్పుడు నిద్ర పరీక్ష చేయించమంటున్నారు. ఇదీ ఇంకో ఖర్చేనా?

జవాబు: అసలు ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. శ్వాస 10 సెకన్లు ఆగితే ఒకసారి కింద లెక్క. గంటకు 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. తెల్లారాక మనిషికి అదేమీ గుర్తుండదు. పగటి కునుకులు, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం మాత్రం మిగులుతాయి. ఇవి డిప్రెషన్‌లోనూ ఉండేవే. డబ్బు కారిపోయేది ఇక్కడే. అసలు కారణం ఆప్నియా కావచ్చని తట్టక ఒక్కోదానికీ ఒక్కో వైద్యం: రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తే ప్రోస్టేట్ పరీక్ష, బీపీ లొంగకపోతే ఇంకో మాత్ర, నిద్ర చాలడం లేదంటే నిద్రమాత్ర. వీటిలో నిద్రమాత్రే నాకు ఎక్కువ భయం. బెంజోడయజెపైన్ రకానివి గొంతును ఇంకా వదులు చేయవచ్చు; చీకట్లో లేచిన పెద్దవాళ్లు తూలి పడతారు. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు నిద్ర పరీక్ష ఏపాటి?

అలాగని డిప్రెషన్ ఉత్తదే అనుకోకండి. రెండూ కలిసి ఉండొచ్చు. డాక్టరును అడగకుండా ఆ మాత్రలు ఆపొద్దు.

గుండె వైఫల్యం, పక్షవాతం, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు లేకపోతే ఇంట్లో చేసే పరీక్ష చాలావరకు సరిపోతుంది, ఖర్చూ తక్కువ. అయితే ఒక చిక్కుంది. ఇంటి పరికరాల్లో చాలావాటికి నిద్ర ఎంతసేపో తెలియదు, తగిలించుకున్న సమయాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. దిగులుతో ఉన్నవాళ్లు మెలకువగానే పడుకుంటారు కదా! ఆరు గంటలు పడుకుని మూడే గంటలు నిద్రపోతే, 60 సార్లు శ్వాస ఆగినా గంటకు 20కి బదులు 10 అని వస్తుంది. రిపోర్టు బాగున్నా అనుమానం తీరకపోతే రాత్రంతా ఉంచి చూసే నిద్ర ల్యాబ్‌లో చేయించండి. వెళ్లేముందు గురక, నిశ్శబ్దం, ఉక్కిరిబిక్కిరై మళ్లీ ఊపిరి అందుకోవడం ఫోన్‌లో వీడియో తీసుకుని డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: డిప్రెషన్‌కు మందులు వాడుతున్న అమ్మకు స్లీప్ ఆప్నియా ఉందంటే సీపాప్ మిషన్ (మాస్క్ ద్వారా గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా ఉంచేది) కొన్నాం. నాలుగు రోజులకే మూలన పడేసింది. డబ్బు వృథా అయినట్టేనా?

జవాబు: కొనేముందు కొన్నాళ్లు అద్దెకు తీసుకోవాల్సింది. సరే, ఇప్పుడైనా మాస్క్ చూడండి. ఆవిడకు కట్టుడు పళ్లున్నాయా? పళ్లు పెట్టుకుని కొలత ఇచ్చి, తీసేసి పడుకుంటే బుగ్గలు లోపలికి పోయి అంచు నుంచి గాలి కారుతుంది. ఆ గాలి కళ్లలోకి కొడుతుంది. పట్టీ ఇంకా బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుంది తప్ప లీక్ ఆగదు. పడుకునే తీరులోనే మళ్లీ కొలిపించండి. నోరు ఎండిపోతుంటే గాలికి తేమ ఇచ్చే హ్యుమిడిఫైయర్‌లో డిస్టిల్డ్ వాటర్ పోసి పెట్టండి. నోరు తెరిచి పడుకుంటే ముక్కు, నోరు రెండూ కప్పే మాస్క్ కావాలి.

డిప్రెషన్ ఉన్నవాళ్లకు కొత్త అలవాటు పట్టుబడటం కష్టం, విసుక్కోకండి. పగలు టీవీ చూస్తున్నప్పుడు 20 నిమిషాలు పెట్టించండి, అలవాటయ్యాకే రాత్రికి. ఎన్ని గంటలు వాడిందీ, లీక్ ఎంతుందీ మిషనే చూపిస్తుంది. మొదటి రెండు వారాలు రోజూ చూడండి. రాత్రికి కనీసం నాలుగు గంటలు, పదింట ఏడు రాత్రులు వాడితే వాడుతున్నట్టు లెక్క, ఎక్కువైతే ఇంకా మేలు. మాస్క్ కుషన్, ఫిల్టర్, ట్యూబ్ మార్చాల్సినవే, వాటి ఖర్చు వేరుగా అడిగి ఉంచుకోండి. ఇప్పుడోసారి, మూడు నెలలయ్యాక ఇంకోసారి పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో మార్కుల్లో చెప్పే తొమ్మిది ప్రశ్నలు) ప్రశ్నావళి నింపించండి. రెండు మార్కులూ, మిషన్ గంటలూ పక్కపక్కన పెడితే మందుల సంగతి తేల్చడం డాక్టరుకు తేలిక.