తాతయ్య కట్టిన ఇల్లు కూల్చాలా, నిలబెట్టాలా?

ప్రశ్న: బ్రదర్ గారికి వందనాలు. మాది బాపట్ల దగ్గర పల్లెటూరు. తాతయ్య కట్టిన పెంకుటిల్లు, 60 ఏళ్ళు దాటింది, గుమ్మం మీద "నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము" అని తాతయ్యే రాయించారు, ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి. నాన్న పోయి రెండేళ్ళు. అమ్మ ఒక్కతే ఉంటోంది, వాన పడితే మూడుచోట్ల గిన్నెలు పెట్టుకుంటోంది. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య మొత్తం కూల్చి కొత్తది కడదాం అంటాడు. మేస్త్రి ఏమో గోడలు గట్టిగానే ఉన్నాయమ్మా, పెంకులు దింపేసి వాటిమీదే శ్లాబ్ పోసేద్దాం, తక్కువలో అయిపోతుంది అంటున్నాడు. అమ్మ అసలు ముట్టుకోవద్దంటుంది. ప్రతి క్రిస్మస్‌కి వచ్చి ఆ ఇంట్లోనే ఉండే మా అత్తయ్య (నాన్న చెల్లెలు) కూడా అదే మాట. ఖర్చు నేనూ అన్నయ్యా చెరిసగం పెట్టుకుంటాం. మూడు నెలల నుంచి ప్రార్థన చేస్తున్నా, జవాబు రావట్లేదు. ఏం చెయ్యమంటారు? – ఒక చెల్లెలు

జవాబు: చెల్లెమ్మా, ముందు మేస్త్రి మాట గురించి చెప్పేస్తాను, ఎందుకంటే మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఇది ప్రాణాలకి సంబంధించింది. పాత గోడల మీద శ్లాబ్ వెయ్యొద్దు. పెంకులూ రీపర్లూ కలిపి చదరపు మీటరుకి సుమారు 65 కిలోలు ఉంటాయి, అదే 5 అంగుళాల శ్లాబ్ అయితే 300 కిలోల పైమాటే, అంటే నాలుగైదు రెట్లు బరువు ఒక్కసారిగా ఆ గోడల మీదా ఆ పునాది మీదా పడుతుంది. ఆ రోజుల్లో పల్లెల్లో చాలా ఇళ్ళకి ఇటుకల మధ్య మట్టే పెట్టి పైన సున్నం పూసేవాళ్ళు, మీరు ఎక్కడైనా పెచ్చు ఊడినచోట ఇటుకల సందులో మేకుతో గీకి చూడండి, పొడిపొడిగా రాలిపోతే అది మట్టి కట్టుబడే. "గట్టిగా ఉంది" అని మేస్త్రి అన్నది పెంకుల బరువుకి నిజం, శ్లాబ్ బరువుకి కాదు. లెక్క కట్టే స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒకసారి వచ్చి చూసి సంతకం పెడితే తప్ప ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఇప్పుడు ప్రార్థన సంగతి. జవాబు రావట్లేదు అన్నారు కదా, ఒక్కటి అడుగుతాను ఏమీ అనుకోకండి, ఈ మూడు నెలల్లో మీరు ఆ ఇంటి అటక ఎక్కి చూశారా? నెహెమ్యా గ్రంథం మనందరం చదివిందే, యెరూషలేము గోడలు పడిపోయాయని విని ఏడ్చాడు, ఉపవాసం ఉన్నాడు, కిస్లేవు నెల నుంచి నీసాను దాకా, అంటే దాదాపు నాలుగు నెలలు ఆ భారంతోనే ఉన్నాడు. సరే, యెరూషలేము చేరాక చేసిన మొదటి పని ఏంటి? 2వ అధ్యాయం చూడండి, మూడు రోజులు ఆగి, రాత్రిపూట కొద్దిమందిని వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా గోడ చుట్టూ తిరిగాడు, ఎక్కడ కూలింది, ఏ గుమ్మం కాలింది, ఎక్కడ ఆయన ఎక్కిన జంతువు వెళ్ళడానికి కూడా సందు లేదు, అన్నీ కళ్ళతో చూసుకున్నాడు. ఆ తర్వాతే జనంతో రండి కడదాం అన్నాడు. 52 రోజుల్లో గోడ పూర్తయిందని సంతోషంగా చెప్పుకుంటాం గానీ ఆ రాత్రి తిరగడం గురించి మన సంఘాల్లో తక్కువ మాట్లాడతాం. మీకు రావాల్సిన జవాబులో సగం ఆ ఇంటి వాసాల్లోనే ఉందని నా నమ్మకం.

కాబట్టి ఒక శనివారం మీరూ అన్నయ్యా ఇద్దరూ కలిసి వెళ్ళండి, అన్నయ్య తప్పకుండా ఉండాలి, ఫోన్‌లో ఫోటోలు చూసి తేల్చే విషయం కాదిది. వాసాల చివర్లు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి, చెదలు అక్కడే మొదలవుతుంది, బయటికి నున్నగా కనపడినా లోపల డొల్ల అయిపోయి ఉంటుంది, తడితే శబ్దంలోనే తెలిసిపోతుంది. దూలం వంగిందేమో ఒక చివర నుంచి ఇంకో చివరకి దారం లాగి చూడండి. గోడ పగుళ్ళు ఉంటే పగులుకి అడ్డంగా సన్న అద్దం ముక్క సిమెంట్‌తో అంటించి పక్కన పెన్సిల్‌తో తారీఖు రాయండి, మూడు నాలుగు నెలల్లో అద్దం పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం, పగలకపోతే అది ఎప్పుడో ఆగిపోయిన పాత పగులు. కురిసేది ఏ మూడుచోట్లో అమ్మకి బాగా తెలుసు, ఆవిడనే అడగండి, ఎక్కువసార్లు కొప్పు పెంకుల దగ్గరో రెండు కప్పులు కలిసే మూలలోనో ఉంటుంది, అది పెద్ద పని కానే కాదు. వైరింగ్ పాతదే అయితే మాత్రం మొత్తం మార్పించి, ఎర్తింగ్ వేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, చెమ్మ గోడల ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడకి కప్పు కన్నా ముందు ఇదే అవసరం.

పెంకులు దింపినప్పుడు వెనక్కి తిప్పి ముద్ర చూడండి. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే స్విట్జర్లాండ్ మిషనరీ సంస్థ వాళ్ళు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, విశ్వాసంలోకి వచ్చినందుకు కులవృత్తీ జీవనాధారమూ పోగొట్టుకున్నవాళ్ళకి పని చూపించాలన్నది వాళ్ళ పరిశ్రమల వెనక ఉన్న ఆలోచన. మనం మంగుళూరు పెంకు అని పిలిచేది ఆ దారిలో దేశమంతా పాకిందే. మీవి అక్కడివే కాకపోవచ్చు, కానీ బాగున్న పెంకుని మాత్రం పారెయ్యకండి, కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. మీది తుఫాన్ల తీరం కాబట్టి మళ్ళీ నేసేటప్పుడు వాసాల్ని దూలానికి, దూలాన్ని గోడకి ఇనప పట్టీలతో బిగించమనండి, చూరు వరస పెంకులు కదలకుండా కట్టించండి, గాలి ముందు చూరునే లేపుతుంది. 1977 నవంబర్ ఉప్పెన నాటికే ఉన్న ఇల్లు కాబట్టి ఆ గోడలకి నేను గౌరవం ఇస్తాను, కానీ గౌరవం వేరు, పట్టీలు వేరు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. ఇల్లు ఎవరిది? మన క్రైస్తవులకి వారసత్వం 1925 నాటి ఇండియన్ సక్సెషన్ యాక్ట్ ప్రకారం నడుస్తుంది, అందులో కొడుకూ కూతురూ సమానం. తాతయ్య వీలునామా రాయకుండా పోయి, మామ్మ కూడా లేకపోతే, ఆ ఇంట్లో మీ నాన్నకి ఎంతో మీ అత్తయ్యకీ అంతే. నాన్న వాటాలో మూడో వంతు అమ్మది, మిగతా రెండు వంతులు మీకూ అన్నయ్యకీ సమానంగా. అంటే ప్రతి క్రిస్మస్‌కి వచ్చే ఆవిడ చుట్టపుచూపుగా రావట్లేదమ్మా, తన ఇంటికి తను వస్తోంది. ఆవిడకి ఒక మాట చెప్పకుండా గునపం వేస్తే రేపు కోర్టు దాకా వెళ్ళకపోయినా మనసులు మాత్రం విరుగుతాయి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడు అని ప్రభువు అన్నాడు కదా, నా దృష్టిలో ఆ క్రమం ఇంటి పనికి కూడా వర్తిస్తుంది. అత్తయ్యని కూర్చోబెట్టుకుని మాట్లాడండి, ఆవిడ వాటా ఆవిడకి ఇస్తారో, ఆవిడే ఇష్టపూర్వకంగా వాటా వదులుకుంటూ రిలీజ్ డీడ్ రాస్తుందో తేల్చుకుని, లాయర్‌కి చూపించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకున్నాకే డబ్బు దించండి. ప్రార్థన పేరు చెప్పి ఆవిడ మీద ఒత్తిడి మాత్రం పెట్టొద్దు.

నా అభిప్రాయం సూటిగా అడిగితే, దూలాలూ గోడలూ నిలకడగా ఉన్నాయని తేలితే బాగుచేయించండి, కూల్చకండి. జనవరిలో మొదలుపెట్టి మే చివరికల్లా కప్పు మూసెయ్యాలి, క్రిస్మస్‌కి ముందు సున్నాలు వేయించాలని అక్టోబర్‌లో కప్పు విప్పితే తుఫాన్లకి ఎదురెళ్ళినట్టే. అంచనా 5 లక్షలు అయితే 6 చేతిలో ఉండాలి, పాత ఇల్లు విప్పినకొద్దీ కొత్త పని చూపిస్తుంది, గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అని లూకా 14లో ఉన్నది ఇలాంటప్పుడే గుర్తుకు రావాలి. అమ్మ ముట్టుకోవద్దు అంటోంది అంటే ఇల్లు గురించి కాదేమో, నాన్న ఉన్న గది మారిపోతుందని బెంగేమో, అది ఒకసారి నెమ్మదిగా అడగండి. ఆ గుమ్మం మీద అక్షరాలకి మాత్రం పెయింటర్‌ని చెయ్యి పెట్టనివ్వకండి.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నాను బ్రదర్. మాది నాన్నగారి నాటి సున్నం గోడల ఇల్లు. మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ, పెచ్చులు ఊడిపోతున్నాయి. రెండుసార్లు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించాం, ఖరీదైన పెయింట్ వేయించాం, ఏడాదికే మళ్ళీ అంతే. ఇంటికి వచ్చిన ఒక ప్రార్థనా పరుడు ఇది శాపం, గోడలకి నూనె రాసి మూడు రాత్రులు ప్రార్థన చెయ్యాలి అన్నారు. మా ఆవిడ అప్పట్నుంచి నిద్రపోవట్లేదు.

జవాబు: శాపం కాదు తమ్ముడూ, నీళ్ళు. ముందు ఈ మాట మీ ఆవిడకి చదివి వినిపించండి. లేవీయకాండం 14లో ఇంటి గోడకి పట్టే పొడ గురించి ఉంది, పచ్చగానో ఎర్రగానో చారలు కనపడితే ఇంటివాడు యాజకుడికి చెప్పాలి, ఆయన వచ్చి చూసి, ఏడు రోజులు ఇల్లు మూయించి, మళ్ళీ వచ్చి చూస్తాడు, పాకితే ఆ రాళ్ళు ఊడబీకించి, లోపల చుట్టూ గోకించి, వేరే రాళ్ళు పెట్టి కొత్త అడుసుతో పూయిస్తాడు. అది ధర్మశాస్త్ర కాలం మాటే అనుకోండి, కానీ ఆ క్రమం చూడండి, ఇంటివాళ్ళని భయపెట్టడం ఎక్కడా లేదు, ముందు చూడటం, ఆగటం, గోకటం, మళ్ళీ పూయటం.

మీ గోడకి జరుగుతున్నది ఇది. నేలలో తడి ఇటుకల గుండా పైకి పాకుతుంది, మామూలుగా మూడు నాలుగడుగుల దాకా. సున్నం పూత ఉన్నన్నాళ్ళూ ఆ తడి పూతలోంచి బయటికి ఆరిపోయేది, గోడ ఊపిరి పీల్చుకునేది. మీరు సిమెంట్ పూసి దాని మీద ప్లాస్టిక్ లాంటి పెయింట్ వేసేసరికి తడికి దారి లేక లోపలే ఉండిపోయి, దానితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని పెచ్చుని తోసేస్తోంది. మా నాన్న ఇంటికి నేనే ఈ తప్పు చేశాను, 20 ఏళ్ళు సైట్లలో పని చేయించినవాడిని, అయినా సిమెంట్ గట్టిది కదా అనుకున్నాను, వెనకగది గోడ ఇటుకలు పిండి అయిపోయాక గానీ అర్థం కాలేదు, ఇప్పటికీ ఆ గోడ చూస్తే బాధే.

ఇంటి బయట చూడండి, రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి మీ ఇల్లు గుంటలోకి వచ్చేసిందా? మా ఊళ్ళో సగం ఇళ్ళ చెమ్మకి ఇదే కారణం. గోడని ఆనుకుని ఉన్న మట్టి ఇంటి నేల మట్టం కంటే కిందికి తవ్వించి, వాన నీళ్ళు దూరంగా పోయేలా చిన్న కాలవ పెట్టించండి, బాత్రూమ్ పైపు కారుతోందేమో చూడండి. చెమ్మ ఎక్కిన దానికంటే ఒక అడుగు పైదాకా సిమెంట్ మొత్తం కొట్టించేసి ఒక ఎండాకాలం పూర్తిగా ఆరనివ్వండి, చూడటానికి బాగోదు, ఓర్చుకోండి. తర్వాత ఒక పాలు సున్నం మూడు పాళ్ళు ఇసక కలిపి పూయించి, పైన సున్నమే వెయ్యండి. పాతకాలం మేస్త్రులు కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపేవాళ్ళు, ఆ పని తెలిసిన పెద్దాయన దొరికితే వదులుకోకండి. ప్రార్థన కూడా చెయ్యండి, మీ ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ భయం పోవాలని.

ప్రశ్న: ఇల్లు బాగుచేయిస్తున్నాం. మా అత్తగారు ఇంకా విశ్వాసంలోకి రాలేదు. వాస్తు ప్రకారం వీధి గుమ్మం తూర్పుకి మార్చకపోతే ఇంట్లో అడుగుపెట్టను అంటున్నారు. నేను ఒప్పుకుంటే నా సాక్ష్యం పోతుందా? – ఒక సహోదరి, వరంగల్

జవాబు: అమ్మా, పాత ఇంట్లో గోడలే బరువు మోస్తాయి, గుమ్మం మార్చడం అంటే మోసే గోడని చీల్చడం, గుమ్మం పైన బరువు మోసే అడ్డ దిమ్మె (లింటెల్) వేసి కింద జాకీలు పెట్టి చెయ్యాల్సిన పని, ఖర్చూ ప్రమాదమూ రెండూ ఉన్నాయి. ఈ కారణం అత్తగారికి నిజాయితీగా చెప్పొచ్చు. వచనాలు చదివి ఆవిడ నోరు మూయించాలని చూడకండి, ఆవిడ భయం మీ అందరి మంచి కోసమే అయ్యుంటుంది. ఆవిడకి ఆ ఇంట్లో ఏది ఇబ్బందో అడిగి తెలుసుకోండి, వంటింట్లో పొగా, పడకగదికి గాలి రాకపోవడమా, అవి సరిచెయ్యండి, తూర్పున పెద్ద కిటికీ పెడితే పొద్దున్నే ఎండ వస్తుంది, అది ఎవరికైనా మంచిదే. గుమ్మం విషయంలో మాత్రం భయానికి లొంగి డబ్బు పొయ్యొద్దు. గృహ ప్రతిష్ఠ ప్రార్థనకి ముందు మీరే వెళ్ళి ఆవిడని చెయ్యి పట్టుకుని తీసుకురండి.

ప్రశ్న: ఇంటి పని నడుస్తోంది, పిల్లలు ఎక్కే మేడ మీద పిట్టగోడ ఇంకా సగంలోనే ఉంది. చిట్టీ డబ్బులు ఆలస్యమై రెండు వారాలుగా కూలి ఇవ్వలేకపోయాం. మేస్త్రి మన సంఘం ఆయనే, ఏమీ అనుకోరు. పని ఆపకుండా కానివ్వమంటారా? – గుంటూరు

జవాబు: ఆపండి. ఆయన ఏమీ అనుకోకపోవచ్చు, ఆయన కింద ఇటుకలు మోసే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. కూలివాడి కూలి పొద్దుగుంకే లోపే ఇవ్వమని ద్వితీయోపదేశకాండం 24లో ఉంది, బిగబట్టిన కూలి మొర్రపెడుతుందని యాకోబు రాశాడు, ఇంతకంటే స్పష్టంగా చెప్పిన సంగతులు బైబిల్లో తక్కువ. మార్బుల్‌కో గేట్‌కో దాచింది ఉంటే తీసి ఈ శనివారమే రెండు వారాలదీ ఇచ్చెయ్యండి, మేస్త్రి చేతికి కాకుండా మీరు నిలబడి ఒక్కొక్కరికీ. చిట్టీ చేతికి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టండి, సగంలో ఉన్న పిట్టగోడ మాత్రం ముందు పూర్తి చేయించండి, పిల్లలు మేడెక్కే ఇల్లు అది.