బియ్యం బస్తా వెనక్కి పంపారు

ప్రశ్న: అమ్మగారూ, వందనాలు. మా ఆయన మా చర్చిలో సంఘ పెద్ద. బజార్లో బట్టల కొట్టు ఉండేది. కోత పండుగకు గుడికి వచ్చిన కానుకల వేలంలో గుమ్మడికాయకైనా సరే, ఆయన పాట మీద ఇంకొకరు పాడేవారు కాదు. పోయిన ఏడాది అప్పులతో కొట్టు మూతపడింది. ఇప్పుడు నా కుట్టుమిషన్ మీదే ఇల్లు నడుస్తోంది. మొన్న ఒకావిడ ఆటోలో బియ్యం బస్తా వేసుకొచ్చింది. మా సంఘంలోని మనిషే, ఒకప్పుడు మా ఇంట్లో అంట్లు తోమింది. "దేవుడు చూసుకుంటాడు, నువ్వు తీసుకెళ్లు" అని ఈయన గుమ్మంలోంచే పంపేశారు. ఆదివారం గుడికి కూడా రావడం లేదు. ఇది విశ్వాసమా, అహంకారమా? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, వందనాలు. మీ ఆయన అన్న మాట విశ్వాసమే, చేసిన పనే కాదు. దేవుడు చూసుకున్నాడు కాబట్టే కదా, ఆటో మీ గుమ్మం ముందు ఆగింది! ఆయనకు మింగుడుపడనిది ఆ బస్తా తెచ్చిన చెయ్యి.

బైబిల్లో రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం మళ్లీ ఒకసారి తీయండి. కరువులో ఏలీయా ప్రవక్త కెరీతు వాగు దగ్గర దాక్కుంటే కాకోలాలు పొద్దునా సాయంత్రం రొట్టె, మాంసం తెచ్చిపెట్టాయి. అది తినడం పెద్ద కష్టమేం కాదు. పక్షి మనల్ని ఎరగదు, రేపు కుళాయి దగ్గర నలుగురికీ చెప్పదు. తర్వాత వాగు ఎండిపోయింది. అప్పుడు దేవుడు ఆయన్ని సీదోను దేశంలోని సారెపతుకు పంపాడు. ఆయన ప్రాణం తీస్తానని తర్వాత ఒట్టు పెట్టుకున్న, అహాబు రాజు భార్య యెజెబెలు పుట్టింటి దేశం అది. పోనీ అక్కడైనా కలిగినవాళ్ల ఇంటికా? ఊరి ద్వారం దగ్గర పుల్లలు ఏరుకుంటున్న విధవరాలి దగ్గరికి. ఆమెకున్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె. అది వండుకుని తానూ కొడుకూ తిని, ఇక చనిపోవడమే అనుకుంటోంది.

ఏలీయా ముందు నీళ్లు అడిగాడు. ఆమె తేవడానికి వెళ్తుంటే వెనక నుంచి పిలిచి, రొట్టె ముక్క కూడా తెమ్మన్నాడు. ఆ పిలుపు దగ్గర నేనెప్పుడూ కాసేపు ఆగుతాను. నీళ్లు ఎవరైనా అడుగుతారు, రొట్టె అడగడానికి నోరు రావాలి. అహాబు రాజు ఎదుట నిలబడి, నా మాట లేకుండా వాన పడదని చెప్పిన నోరు అది! తొట్టిలో పిండి తరగలేదు, ఏలీయాతో పాటు ఆ ఇల్లూ బతికింది. ఆయన మొహమాటపడి ఊరుకుని ఉంటే ఆ తల్లీకొడుకుల గతి ఏమిటి? మీ వాకిట్లోంచి బస్తాతో తిరిగి వెళ్లినావిడ దారిపొడుగునా ఏమనుకుందో మీ ఆయనకు తట్టిందో లేదో.

వద్దనడం పైకి వినయంలాగే కనిపిస్తుంది. యేసు కాళ్లు కడగబోతే, శిష్యుడు పేతురు కూడా నా కాళ్లు నువ్వు కడగకూడదన్నాడు. అయితే నాతో నీకు వంతు లేదు పొమ్మన్నాడు యేసు.

పాస్టరు భార్యగా నా సంసారమంతా పదిమంది చేతుల మీదుగా నడిచింది. కోతలయ్యాక ధాన్యం, మిగతా రోజుల్లో సొరకాయో, చెంగులో మూటగట్టిన గుడ్లో. తెచ్చేవాళ్లలో ఎక్కువమంది కూలికి వెళ్లేవాళ్లే. ఒక ముసలావిడ, తన గుడ్లు నేను ఎక్కడ పెట్టానో కళ్లారా చూసేదాకా వాకిట్లోంచి కదిలేది కాదు. ఆవిడకు వాటిని తిరిగిచ్చే ధైర్యం ఎవరికుంటుంది?

అలాగని తప్పంతా మీ ఆయనదే అనను. మన గుళ్లలో ఫ్యాను రెక్క మీద కూడా దాత పేరు రాయిస్తాం, కానుకల లెక్క మైకులో చదువుతాం. ఇచ్చినవాడి పేరు అంత గట్టిగా వినబడే చోట పుచ్చుకున్నవాడికి తల ఎత్తుకోవడం కష్టమే. పైగా వేలంలో పైపాట ఎప్పుడూ ఆయనదేనాయె.

ఇక మీ సంగతి. ఇంట్లో అహంకారం అన్న మాట ఎత్తకండి. వాక్యాలు అప్పజెప్పి మొగుణ్ణి మార్చుకున్న ఆడదాన్ని నేను చూడలేదు. మీరే ఆ బస్తా తెచ్చినావిడ ఇంటికి వెళ్లండి. క్షమాపణల ఉపన్యాసం అక్కర్లేదు, "అక్కా, బియ్యం అయిపోయాయి" అనండి, చాలు. ఆయన దగ్గర దాచొద్దు. అన్నం ఎక్కడిదని అడిగితే ఆవిడ పేరు చెప్పి వడ్డించండి.

అప్పుల సంగతి వేరు. బాకీ ఉన్నవాళ్లతో దేవుడు చూసుకుంటాడు అనకూడదు. ఎవరికెంత ఇవ్వాలో కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరినీ కలిసి గడువు అడగాలి. అది మీ ఆయనే చేయాలి, మీరు కాదు. మీ పాస్టరు అయ్యగారిని ఓ సాయంత్రం ఇంటికి రమ్మనండి. ఒక్కర్నే. కమిటీ అంతా వచ్చి చాప మీద కూర్చుంటే ఈయన మళ్లీ సంఘ పెద్దలాగే మాట్లాడతారు.