సర్టిఫికెట్ రెన్యూ అయినా గడువు అయిపోయిందంటోంది: సమాధానం

పొందూరు ఖద్దరు షాపు సైటుకి సర్ట్‌బాట్ (సైటు భద్రతా సర్టిఫికెట్‌ని తెచ్చి, రెన్యూ చేసే ప్రోగ్రామ్) 'రెన్యూ అయింది' అంటోంది, బ్రౌజర్ మాత్రం గడువు తీరిందంటోంది అన్నారు కదా అన్నయ్యా. డిస్కు మీద సర్టిఫికెట్ ఫైలు మారింది గానీ, సైటుని అందించే వెబ్ సర్వర్ ఇంజిన్‌ఎక్స్‌కి ఆ సంగతి తెలీదు. మొదట్లో చదివిన సర్టిఫికెట్‌నే మెమరీలో పెట్టుకుని, రీలోడ్ చేసేదాకా పాతదే ఇస్తుంది. ముందు ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) టెస్ట్ కొట్టండి, ఓకే అంటేనే రీలోడ్ చేయండి. రీస్టార్ట్ వద్దు, కాన్ఫిగ్‌లో ఒక్క సెమికోలన్ తప్పినా సైటు మొత్తం పడిపోతుంది.

మళ్లీ ఇదే రాకుండా, సర్ట్‌బాట్ రెన్యూవల్ హుక్స్‌లో (రెన్యూ సమయంలో అది తనే నడిపే స్క్రిప్టులుండే చోటు) 'డిప్లాయ్' అనే ఫోల్డరుంటుంది. అందులో ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేసే రెండు లైన్ల షెల్ స్క్రిప్టు పెట్టండి. దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ తప్పనిసరి. లేకపోతే సర్ట్‌బాట్ చడీచప్పుడు లేకుండా దాన్ని వదిలేస్తుంది, చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే. మామూలు డ్రై రన్‌లో (ఉత్తుత్తి రెన్యూ పరీక్షలో) ఈ హుక్ నడవదు కాబట్టి స్క్రిప్టును ఒకసారి చేత్తో నడిపి చూసుకోండి. ఫోర్స్ రెన్యూ (గడువు ఉన్నా బలవంతంగా రెన్యూ) మాత్రం పదేపదే కొట్టకండి. అవే డొమైన్ పేర్లకి, సర్టిఫికెట్లిచ్చే సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారానికి 5 సర్టిఫికెట్లే ఇస్తుంది.

80 పోర్టు మూసేద్దామనుకుంటున్నారా, దయచేసి వద్దు. సైటు మీదేనని లెట్స్ ఎన్‌క్రిప్ట్ చూసుకునే హెచ్‌టీటీపీ చెక్ దాని మీదే జరుగుతుంది. తెరిచే ఉంచి, 443కి (హెచ్‌టీటీపీఎస్ పోర్టుకి) రీడైరెక్ట్ ఇవ్వండి.