నల్గొండ నుంచి పాలోడ్ బొటానిక్ గార్డెన్‌కు: స్వెటర్లు వద్దు, నీళ్లు మరవద్దు

డిసెంబరు సెలవుల్లో అమ్మానాన్నలను, పిల్లలను తీసుకుని కేరళలోని పాలోడ్ గార్డెన్‌కు ఎట్ల పోవాలి, కొండల్లో కాబట్టి స్వెటర్లు కావాలా, మొక్కలు తెచ్చుకుంటే మన దగ్గర బతుకుతాయా అని అడిగారు.

నెల మంచిదే ఎంచుకున్నారు. అక్కడ జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరులో మధ్యాహ్నం దాటితే ఉరుముల వానలు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా తెరిపి. శబరి ఎక్స్‌ప్రెస్ నల్గొండ, మిర్యాలగూడ మీదుగానే పోతుంది, మర్నాడు సాయంత్రం తిరువనంతపురంలో దించుతుంది. రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే కదలండి. గార్డెన్ సుమారు 40 కిలోమీటర్లు. నెడుమంగాడ్ మీదుగా బస్సులున్నా, పెద్దవాళ్లున్నారు కాబట్టి కారు మాట్లాడుకోండి. ఇది 1979లో పెట్టిన పరిశోధన సంస్థ, మామూలు పార్కు కాదు. సందర్శన వేళలు, లోపల బండిని ఎంతదాకా రానిస్తారు, రెండూ ముందే ఫోన్ చేసి కనుక్కోండి. 300 ఎకరాల ఎగుడుదిగుడు నేల, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొత్తం నడవలేరు.

స్వెటర్లు అక్కర్లేదు. పడమటి కనుమల అడుగున ఉంది, ఊటీ అంత ఎత్తు కాదు. 32 డిగ్రీలే కదా, మన 43 ముందు ఇదెంత అనుకుంటే దెబ్బతింటారు. మన ఎండ పొడిది, చెమట ఆరిపోతూ ఒంటిని చల్లబరుస్తుంది. అక్కడి గాలి నిండా తేమ, చెమట కారుతుందే గాని ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. నూలు బట్టలు వేయండి, తలా లీటరు నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. వాన పడి ఉంటే జలగలుంటాయి. పట్టి గుంజొద్దు, గోరుతో నోటి దగ్గర మెల్లగా తోసేయండి. రక్తం కాసేపు ఆగదు, దాని లాలాజలం గడ్డకట్టనియ్యదు. భయపడక సబ్బుతో కడిగి గుడ్డతో అదిమి పట్టండి.

అన్నీ చూడాలని పరుగెత్తొద్దు. వెదుళ్ల తోట మాత్రం వదలొద్దు. నల్లమలలో మనకు తెలిసినవి ఒకటి రెండు రకాలే, అక్కడ పిల్లలకు గణుపుల తేడా చేత్తో తాకి చూపొచ్చు. ఆరోగ్యపచ్చ అనే మందు మొక్క ఎక్కడుందో అడిగి చూడండి. అలసట పోగొట్టే దాని గుణం అక్కడి కొండల్లోని కాణి గిరిజనులు చెప్పిందే. దాంతో ఈ సంస్థ చేసిన మందు తయారీ హక్కులు కంపెనీకి ఇవ్వగా వచ్చిన డబ్బులో సగం వాళ్లకు ఇచ్చారు. మన చెంచుల మూలికా జ్ఞానానికీ ఆ మర్యాద దక్కాలని నా గట్టి కోరిక.

తోటలో ఆకు కూడా తెంపొద్దు. బయటి నర్సరీల్లో కొంటే జాజికాయ, ఫెర్నులు వద్దు, ఏప్రిల్ వడగాలికి ఆకులు మాడిపోతాయి. ఇళ్లలో కుండీల్లో పెంచే డ్రసీనా మొక్క తెస్తే బోరు నీళ్లు పొయ్యొద్దు. మన జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్ ఆకు కొసల్లో పేరుకుని గోధుమరంగుకు తిప్పుతుంది, చాలామంది నీళ్లు చాలక అనుకుని అవే నీళ్లు ఇంకా పోస్తారు. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి పొయ్యండి, లేకుంటే నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లు.