సొంత గోడకే కదా, ఇన్‌స్టాలో బొమ్మ ప్రింట్ తీసుకుంటే తప్పేంటి?

"అమ్ముకోవడం లేదు, మా హాల్లో పెట్టుకుంటాను, తప్పా?" అని ఓ కస్టమర్ అడిగారు. విజయవాడలో మాకు ఫ్రేముల షాపు ఉంది. కౌంటర్ దగ్గర రోజూ వినే మాటే ఇది. చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో సొంత వాడకానికి కొంత వెసులుబాటు ఉంది. మీ ఇంటికి పోలీసులేం రారు. కానీ గీసిన మనిషి ఒక్క మెసేజ్ దూరంలో ఉండగా అడక్కుండా తీసుకోవడం మాత్రం నాకు నచ్చదు.

సంక్రాంతి ముందు ఒకాయన వచ్చారు. పటమటలో కొత్త ఫ్లాట్, గృహప్రవేశం దగ్గరపడింది. ఫోన్‌లో బొమ్మ చూపించారు: ముగ్గు వేస్తున్న ముసలామె, పక్కనే పిండి గిన్నెలోకి తొంగి చూస్తున్న కోడిపిల్ల. బొమ్మ అదిరింది. నాలుగడుగుల వెడల్పున కాన్వాస్ మీద కావాలన్నారు. ఇన్‌స్టాలో బొమ్మ వెడల్పు సాధారణంగా 1080 పిక్సెళ్లు, అంటే చుక్కలు. అంగుళానికి 300 చుక్కల లెక్కన మూడున్నర అంగుళాలు దాటితే మసకే. పైగా అది బావమరిది వాట్సాప్‌లో పంపిన స్క్రీన్‌షాట్. ఆ మాటే చెబితే "మీ దగ్గర మంచి మిషన్ లేదా?" అన్నారు. లేని చుక్కల్ని మిషన్ ఎక్కణ్ణుంచి తెస్తుందండీ!

తర్వాత అసలు మాట బయటపడింది. "కింద మూల పేరేదో ఉంది, తీసేయండి. సోఫా పైన బాగోదు." నాకు ఒళ్లు మండింది. గీసిన అమ్మాయి తన పేరు ముగ్గు గీతలో కలిసిపోయేంత సన్నగా రాసుకుంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు పోదని అదే చట్టంలో 57వ సెక్షన్ చెబుతోంది.

ఆయన ఫోన్‌లోంచే ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టించాను. టీ తాగేలోపు జవాబొచ్చింది: పెద్ద ఫైలు ఇస్తాను, ఎనిమిది వందలు, ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రమే. "ఫైలుకి ఎనిమిది వందలా? ఐదొందలు చేయమనండి" అని నాతో బేరం! ఆయన ఎంచుకున్న బంగారు రంగు బీడింగ్, అంటే ఫ్రేము పట్టీ, పక్కనే ఉంది. దానికి మూడు వేలంటే మారు మాట్లాడలేదు. చివరికి వాళ్లావిడే ఫోన్ లాక్కుని ఆ అమ్మాయికి డబ్బు పంపేసింది.

ఈయనైనా నయం. ఇంటీరియర్ వాళ్లు కొందరు పెన్‌డ్రైవ్ నిండా నెట్‌లో దొరికిన బొమ్మలు తెస్తారు. ఎవరు గీశారంటే తెలీదంటారు. ఇంటివాళ్ల దగ్గర మాత్రం బొమ్మకింత అని వసూలు చేస్తారు. అది సొంత వాడకం ఎలా అవుతుంది? అలాంటి ఆర్డర్లు మేం తీసుకోం.

ఇంకొందరు "బాపు బొమ్మ అందరిదీ కదండీ" అంటారు. అభిమానం వేరు, హక్కు వేరు. మన దగ్గర కాపీరైట్ చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు ఉంటుంది. బాపు 2014లో పోయారు, అంటే 2074 చివరిదాకా. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, ఆయన బొమ్మలకు 2052 దాకా.

ఉచితంగానే కావాలంటే 1906లో పోయిన రవివర్మ ఉన్నారు, 28 ఏళ్లయినా నిండకుండానే 1925లో పోయిన మన దామెర్ల రామారావు ఉన్నారు. రాజమండ్రిలో దామెర్ల పేరిట ఆర్ట్ గ్యాలరీయే ఉంది, వెళ్లి చూడండి. రవివర్మ లక్ష్మీదేవిని అడగని వారం లేదు. దామెర్ల బొమ్మ కావాలని మా షాపుకు ఇంతవరకూ ఒక్కరూ రాలేదు.