శ్రీకాకుళం జిల్లాలో థైరాయిడ్ రోగుల ఇబ్బందులు పత్రికల్లో రావాలంటే ఏం చేయాలి?

ఉద్దానం కిడ్నీ రోగుల గోడు ఏళ్ల తరబడి పత్రికలకెక్కింది, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. థైరాయిడ్ అలా పైకి కనిపించే జబ్బు కాదు కనుక, విలేకరికి చెప్పే తీరు మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

"నీరసంగా ఉంటోంది" అన్నంత మాత్రాన వార్త కాదు. జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే మహిళ తెల్లవారుజామునే పరగడుపున లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ లోటు తీర్చే మందు) మాత్ర వేసుకుని, మోతాదు మారిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) కోసం ఒక రోజు కూలి వదులుకుని పట్నం వెళ్లాల్సి వస్తోందని, ల్యాబ్ రసీదులతో సహా చూపిస్తే జిల్లా ఎడిషన్‌లో చోటు దొరికే అవకాశం ఉంది.

ఈ మాత్ర జాతీయ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది. మీ ఆరోగ్య కేంద్రంలో దాని నిల్వ ఎంతో సమాచార హక్కు చట్టం కింద అడిగితే, సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. విలేకరికి అంతకన్నా గట్టి ఆధారం ఉండదు. సోమవారం కలెక్టరేట్‌లో పదిమంది కలిసి అర్జీ ఇవ్వడమూ మేలే.

మాత్ర మానేసి ఆకు పసరుతో నయం చేసుకోవచ్చనే కథనం అచ్చయితే, ముందు సంపాదకుడికి, స్పందన లేకుంటే పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌కు రాయండి. నా దృష్టిలో కొత్త వార్త వేయించడం కన్నా ఇదే ముఖ్యం. రోగుల పేర్లు, ఫొటోలు మాత్రం వారి సమ్మతి లేకుండా, ముఖ్యంగా పెళ్లికావలసిన ఆడపిల్లలవి, ఇవ్వకండి.